ఎర్రచందనానికీ ఉల్లంకి పిట్టకూ ఒకే చిట్టా: రెడ్ లిస్ట్ సేవపై ఒక వాడుకరి సమీక్ష

ఎర్రచందనం దుంగలు పట్టుబడ్డాయన్న వార్త వచ్చిన ప్రతిసారీ దాని చివర ‘అంతరించిపోయే దశలో ఉన్న అరుదైన వృక్షం’ అన్న మాట ఒకటి వచ్చి చేరుతుంది. ఆ మాట ఎవరన్నారో, ఎప్పుడన్నారో, ఏ లెక్క చూసి అన్నారో ఆ వార్తలో సాధారణంగా ఉండదు. చలికాలంలో పులికాట్ సరస్సుకు వచ్చే ఉల్లంకి పిట్టల వంటి పక్షుల గురించి రాసేటప్పుడు కూడా ఇదే తంతు. ఇటువంటి మాటలకు మూలమైన చోటు ఒకటుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి, అంటే ఐయూసీఎన్, నిర్వహించే రెడ్ లిస్ట్ అది. ఇంటర్నెట్ ఉన్నవారెవరైనా పైసా చెల్లించకుండా చూడవచ్చు. కళాశాలలో వృక్షశాస్త్రం బోధించిన కాలం నుంచీ, ఉద్యోగ విరమణ తర్వాత పక్షుల వెంట తిరుగుతున్న ఈ కాలంలోనూ దీన్ని వాడుతూనే ఉన్నాను. ఒక హోటల్‌కో సెల్‌ఫోన్‌కో సమీక్ష రాసినట్లే ఈ సేవకూ ఒకటి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. తెలుగు పాఠకుడికి ఇది ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అన్నదే ఇక్కడ నా విషయం.

సరుకు మంచిచెడ్డలు చెప్పే ముందు దాన్ని తయారు చేసేవారెవరో చెప్పాలి. ఐయూసీఎన్ 1948లో ఫ్రాన్స్‌లోని ఫోంటేన్‌బ్లోలో పుట్టింది, రెడ్ లిస్ట్ 1964లో మొదలైంది. జాబితాలోని తీర్పులను జీతగాళ్లయిన ఉద్యోగులు ఆఫీసులో కూర్చుని రాయరు. సమితిలోని జాతుల మనుగడ కమిషన్ కింద 160కి పైగా నిపుణుల బృందాలున్నాయి. వాటిలో చాలామంది స్వచ్ఛందంగా పనిచేసే శాస్త్రవేత్తలు, అటవీ పరిశోధకులు, ఏళ్ల తరబడి ఒకే జాతి వెనక తిరిగినవారు. చెట్లకు ఒక ప్రపంచ బృందం, సైకస్ జాతులకు విడిగా ఒక బృందం, రాజహంసలకు ఒకటి, పెలికాన్లకు ఒకటి, కొంగలకు ఒకటి ఉన్నాయి. పక్షుల తీర్పు చెప్పే అధికారం మాత్రం కేంబ్రిడ్జ్ కేంద్రంగా పనిచేసే బర్డ్‌లైఫ్ ఇంటర్నేషనల్‌ది. ఒకరు అంచనా రాస్తే మరొకరు దాన్ని పరిశీలించాలి, ఆ తర్వాత కేంబ్రిడ్జ్‌లోని రెడ్ లిస్ట్ విభాగం నియమాలకు సరిపోయిందో లేదో చూడాలి, అప్పుడే అది ప్రచురణకు నోచుకుంటుంది. రాసినవారి పేర్లూ సరిచూసినవారి పేర్లూ ప్రతి పేజీలో కనిపిస్తాయి. మన దగ్గర ‘నిపుణులు చెబుతున్నారు’ అని ముగించే వాక్యాలకు అలవాటుపడిన నాకు ఈ ఒక్క ఏర్పాటే ఎంతో గౌరవం కలిగించింది.

వాడకం తేలికే. పై భాగంలో వెతుకుడు పెట్టె ఉంటుంది. అక్కడ శాస్త్రీయ నామం టైపు చేయడం మంచిది, ఎందుకంటే వాడుక పేర్లతో వెతికితే ఒకే పేరు మోసే నాలుగైదు జాతులు వరసగా వచ్చి కూర్చుంటాయి. ఎర్రచందనానికి ‘టెరోకార్పస్ శాంటాలినస్’ అని ఇస్తే పేజీ తెరుచుకుంటుంది. మొదట కనిపించేది రంగు వృత్తంలో రెండక్షరాల గుర్తు. తొంభై శాతం మంది అక్కడే ఆగిపోతారని నా అనుమానం. అసలు సరుకు దాని కింద ఉంది: ఆ చెట్టు ఎక్కడెక్కడ పెరుగుతుంది, ఎన్ని మిగిలాయి, ఏ నేలలో బతుకుతుంది, దానికి వచ్చిన ముప్పులేమిటి, దాన్ని మనుషులు దేనికి వాడుతున్నారు, కాపాడటానికి ఏం జరుగుతోంది అని విడివిడి భాగాలుగా రాసి ఉంటుంది. మొత్తాన్ని పీడీఎఫ్‌గా దింపుకోవచ్చు.

ఆ రెండక్షరాల వెనక ఉన్న లెక్క తెలియకపోతే ఈ సేవ సగమే ఉపయోగపడుతుంది కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను. ముప్పులో ఉన్నవాటికి మూడు మెట్లున్నాయి. కింది నుంచి వీయూ (వల్నరబుల్), దానికంటే ప్రమాదకరమైనది ఈఎన్ (ఎండేంజర్డ్), అన్నిటికంటే ప్రమాదకరమైనది సీఆర్ (క్రిటికల్లీ ఎండేంజర్డ్). ఒక జాతి ఏ మెట్టు మీద ఉందో తేల్చడానికి ఐదు కొలమానాలున్నాయి, ఏ ఒక్కదానికి లోబడినా చాలు. మొదటిది తగ్గుదల. పదేళ్లలో గాని మూడు తరాల్లో గాని, ఏది ఎక్కువైతే ఆ వ్యవధిలో, సాధారణంగా సంఖ్య 30 శాతం తగ్గితే వీయూ, 50 తగ్గితే ఈఎన్, 80 తగ్గితే సీఆర్. రెండోది విస్తీర్ణం. జాతి పరుచుకున్న ప్రాంతం 20,000 చదరపు కిలోమీటర్లకు లోపలైతే వీయూ, 5,000 లోపలైతే ఈఎన్, 100 లోపలైతే సీఆర్. అయితే విస్తీర్ణం తక్కువగా ఉండటం ఒక్కటే చాలదు, ఆ ప్రాంతం ముక్కలు కావడమో క్షీణిస్తూ ఉండటమో కూడా కనిపించాలి. మరో కొలమానం నేరుగా తలల లెక్క. పునరుత్పత్తి చేయగల జీవులు 250 కంటే తక్కువైతే ఈఎన్, 50 కంటే తక్కువైతే సీఆర్.

ఇందులో ‘తరం’ అన్న మాటలోనే కిటుకంతా ఉంది. ఇప్పుడు పుడుతున్న పిల్లల తల్లిదండ్రుల సగటు వయసును ఒక తరం అంటారు. చిన్న పక్షికి అది కొన్నేళ్లు మాత్రమే. అడవి చెట్టుకు అది దశాబ్దాల మాట, అందువల్ల మూడు తరాలంటే మన తాతల కాలం దాకా వెనక్కి పోవాలి. ఎర్రచందనం పేజీలో తగ్గుదల 50 నుంచి 80 శాతం అని రాసి ఉన్నదంటే నిన్నటి స్మగ్లింగ్ ఒక్కటే కాదు, ఎంతో కాలంగా శేషాచలం కొండల మీద పడుతున్న గొడ్డలి దెబ్బలన్నీ ఆ లెక్కలో ఉన్నాయని అర్థం. 50 దాటింది కాబట్టి ఈఎన్. లెక్క ఇంత సూటిగా ఉన్నప్పుడు తీర్పు మీద నమ్మకం కలుగుతుంది. నమ్మకం కలగకపోతే ఎక్కడ విభేదించాలో కూడా తెలుస్తుంది.

ఈ సేవలో నాకు అన్నిటికంటే నచ్చిన గుణం ఇది తన మనసు మార్చుకున్న సంగతిని దాచుకోకపోవడం. ఎర్రచందనం మొదట ఈఎన్‌గా ఉండేది. 2018లో దాన్ని ‘ముప్పుకు చేరువలో’ అన్న ఎన్‌టీ మెట్టుకు మార్చారు. 2021 అంచనాలో మళ్లీ ఈఎన్‌కు తెచ్చారు. పాత తీర్పుల వివరం పేజీలోనే ఉంటుంది. అంతేకాక ప్రతి విడుదలలోనూ మెట్టు మారిన జాతులను ఒక పట్టికగా వేసి, ఆ మార్పు అడవిలో నిజంగా జరిగిన మంచిచెడ్డల వల్ల వచ్చిందా, లేక కొత్త సమాచారం దొరకడం వల్లనో వర్గీకరణ మారడం వల్లనో వచ్చిందా అని విడదీసి చెబుతారు. జాబితాలో దానిని ‘పట్టిక 7’ అంటారు. రెడ్ లిస్ట్ మీద వార్త రాసేవారు మొదట తెరవవలసిన పట్టిక అదే. ఒక జాతి మెట్టు దిగిందంటే అది కోలుకున్నదని కొన్నిసార్లు, ఇంతకాలం మనకు సరిగా తెలియలేదని మరికొన్నిసార్లు అర్థం. ఆ రెంటికీ హస్తిమశకాంతరం.

ఆ మూడేళ్ల మధ్యకాలంలోనే ఒక నర్సరీలో జరిగిన సంగతి గుర్తుకొస్తోంది. ఎర్రచందనం మొక్కలమ్మే ఆ యజమాని, ‘దీన్ని ప్రమాద జాబితాలోంచి తీసేశారు సార్, ఇక నరుక్కోవడానికీ అమ్ముకోవడానికీ అడ్డులేదు’ అని నన్ను ఒప్పించబోయాడు. రెడ్ లిస్ట్ చట్టం కాదు. అది ఒక అంచనా మాత్రమే. నరకడానికి రాష్ట్ర అటవీ చట్టాలున్నాయి, దేశాల మధ్య వ్యాపారానికి సైటిస్ ఒప్పందం ఉంది, అందులోని రెండో అనుబంధంలో ఎర్రచందనం 1995 నుంచి ఉంది. శేషాచలం కొండల్లోనే పెరిగే బెడ్డోమ్ సైకస్ అయితే అంతకంటే కఠినమైన మొదటి అనుబంధంలో ఉంది. రెండక్షరాల గుర్తు మారినంత మాత్రాన ఇవేవీ మారవు. జాబితా పేజీల్లోనూ ఈ తేడా రాసే ఉంటుంది గాని, చదవకుండా పోయేవాడికి కనిపించేంత పెద్దగా మాత్రం ఉండదు.

చెట్ల సంగతికొస్తే ఈ సేవ ఇటీవలే నిండుదనానికి దగ్గరైంది. పక్షులన్నిటినీ ఒకసారి పూర్తిగా అంచనా వేయడం 1988లోనే అయిపోయింది. చెట్లు మాత్రం చాలాకాలం అనాథల్లా ఉండిపోయాయి. లండన్ దగ్గర క్యూలో ఉన్న బొటానిక్ గార్డెన్స్ కన్జర్వేషన్ ఇంటర్నేషనల్, అంటే బీజీసీఐ, చెట్ల నిపుణుల బృందంతో కలిసి ప్రపంచంలోని చెట్లన్నిటినీ లెక్కలోకి తేవాలని పూనుకుంది. 2021లో వెలువడిన వారి నివేదిక దాదాపు 58,500 చెట్ల జాతులున్నాయని, వాటిలో 17,510 ముప్పులో ఉన్నాయని చెప్పింది. అడవిలో 50 మొక్కలైనా మిగలని జాతులు 440 అని తేల్చింది. 2024 అక్టోబరులో కొలంబియాలోని కాలిలో జరిగిన జీవవైవిధ్య సదస్సు సమయంలో రెడ్ లిస్ట్‌లోనే ఆ పని ఫలితం బయటికి వచ్చింది: అంచనా వేసిన 47,282 జాతుల్లో 16,425, అంటే మూడో వంతుకు మించి, ముప్పులో ఉన్నాయి. ముప్పులో ఉన్న పక్షులు, క్షీరదాలు, సరీసృపాలు, ఉభయచరాలు అన్నీ కలిపినా ఆ సంఖ్యలో సగం కూడా కావు. పులి బొమ్మ వేసి చందా అడిగినంత తేలికగా చెట్టు బొమ్మ వేసి అడగలేరు కదా. అందుకే ఈ లెక్క ఇంత ఆలస్యంగా తేలిందని నాకు తోస్తుంది.

చెట్ల కోసం వెతికేవారు రెడ్ లిస్ట్ దగ్గరే ఆగకుండా బీజీసీఐ వారి గ్లోబల్‌ట్రీ పోర్టల్‌ను కూడా పక్కన తెరిచి పెట్టుకోవాలని నా సలహా. దేశం పేరు ఇస్తే అక్కడ ఎన్ని చెట్ల జాతులున్నాయి, ఎన్ని ముప్పులో ఉన్నాయి, ఎన్నింటికి అడవిలో రక్షిత ప్రాంతం ఉంది, ఎన్నింటి మొక్కలో విత్తనాలో ఏదో ఒక తోటలో దాచి ఉన్నాయి అని చెబుతుంది. వారిదే మరో సేవ ప్లాంట్‌సెర్చ్. ఒక జాతిని ఎన్ని తోటలు పెంచుతున్నాయో అందులో తెలుస్తుంది గాని ఏ తోటలో అన్నది చెప్పరు. దొంగల భయమున్న మొక్కలకు అది సబబే. రెడ్ లిస్ట్ కూడా, చోటు తెలిస్తే హాని జరిగే జాతుల కచ్చితమైన స్థానాలను బయటపెట్టదు. ఎర్రచందనం రాజ్యమేలే జిల్లాలో బతికే మనకు దీని విలువ విడమరిచి చెప్పనక్కరలేదు.

పక్షుల పేజీలు చెట్ల పేజీలకంటే బాగుంటాయన్నది నిజం. సమాచారం ఎక్కువ, పటాలు మెరుగు. పటంలో ఒక పక్షి ఏడాది పొడవునా ఉండే చోటు, గూడు పెట్టే చోటు, చలికాలం గడిపే చోటు వేరువేరు రంగుల్లో ఉంటాయి. ఈ ఒక్క సౌకర్యం మన దగ్గరి ఒక పాత నమ్మకాన్ని తీసిపారేస్తుంది. ఒక పక్షుల కేంద్రంలో మా బృందానికి విషయాలు చెప్పడానికి వచ్చిన వ్యక్తి, చెట్ల మీద గూళ్లు పెట్టుకున్న గూడబాతులను, అంటే పెలికాన్లను, చూపిస్తూ అవి సైబీరియా నుంచి వేల మైళ్లు ఎగిరి వచ్చాయని ధీమాగా చెప్పాడు. ఫోనులో పటం తెరిచి చూపించాను. మచ్చల ముక్కు గూడబాతు దక్షిణాసియా పక్షి. నేలపట్టులోనూ కొల్లేటి ఒడ్డున ఆటపాకలోనూ అది గుడ్లు పెట్టి పిల్లలను పెంచుతుంది. వానల్నీ చేపల్నీ బట్టి ప్రాంతాలు మారుతుంది తప్ప సైబీరియా ముఖం చూడదు. అతను నొచ్చుకున్నాడు. సైబీరియా లేకపోతే ఆ పక్షి విలువ తగ్గిపోతుందని అతని బాధ. ఈ గూడబాతు 2007లో వీయూ నుంచి ఎన్‌టీకి మారింది. ఊళ్లలోని చెట్ల మీద దాని గూళ్లను కాపాడుకుంటూ వచ్చిన మనవారికి అది సైబీరియా ప్రయాణం కంటే గొప్ప కథ అని అతనికి చెప్పి చూశాను.

నిజంగా ఆర్కిటిక్ టండ్రా నుంచి వచ్చే పక్షులు ఆ బురదనేలల్లోనే, ఎవరూ ఫొటో తీయని చోట, తలలు వంచుకుని పురుగులు ఏరుకుంటూ ఉంటాయి. వాటిని మన వాళ్లు మొత్తంగా ఉల్లంకి పిట్టలంటారు. 2024 అక్టోబరు విడుదలలో తీరపు పక్షుల్లో 16 జాతులను ముప్పు పెరిగిన మెట్టుకు మార్చారు. కర్లూ శాండ్‌పైపర్ ఎన్‌టీ నుంచి వీయూకు వెళ్లింది. గ్రే ప్లోవర్ ఏ బెంగా అక్కరలేని ఎల్‌సీ నుంచి ఒక్కసారిగా వీయూకు చేరింది. డన్లిన్, రడ్డీ టర్న్‌స్టోన్ ఎన్‌టీ అయ్యాయి. వీటిలో కొన్ని జాతుల సంఖ్య మూడో వంతుకు మించి పడిపోయింది. గ్రేట్ నాట్ అంతకుముందే ఈఎన్. ఇవన్నీ పులికాట్, కాకినాడ తీరాల వైపు చలికాలంలో చూడగల పక్షులే. వాటి పేజీలు చదివితే గూడు కట్టే చోటు ఒక దేశంలో, దారిలో మేత మేసే బురదనేల ఇంకో దేశంలో, శీతాకాలపు బస మూడో దేశంలో ఉండటం వల్ల ఎవరో ఒకరు ఒక గట్టు కట్టినా గొలుసంతా ఎలా తెగిపోతుందో అర్థమవుతుంది. చెట్టుకూ వలస పక్షికీ ఉన్న తేడా కూడా ఇక్కడే తెలుస్తుంది. శేషాచలం ఎర్రచందనాన్ని కాపాడే పని మన దేశం ఒక్కటే చేయగలదు, ఉల్లంకి పిట్టను ఏ ఒక్క దేశమూ కాపాడలేదు.

ఇక లోపాలు. మొదటిది, ఈ జాబితా ప్రపంచం మొత్తానికి వేసిన లెక్క, మన ఊరికి వేసింది కాదు. పులికాట్‌కు పేరు తెచ్చిన పెద్ద రాజహంస ప్రపంచ జాబితాలో ఎల్‌సీ, చిన్న రాజహంస మాత్రం ఎన్‌టీ. పెద్దది ఎల్‌సీ కాబట్టి పులికాట్ ఎలా పోయినా ఫరవాలేదని వాదించేవారికి ఈ గుర్తు అనవసరంగా ఊతమిస్తుంది. ఈ వెలితిని పూడ్చుకోవడానికి ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదికను జోడించుకోవాలి. 13 సంస్థలు కలిసి 2023లో విడుదల చేసిన ఆ నివేదిక 942 జాతులను మన దేశపు లెక్కలతోనే పరిశీలించి 178 జాతులకు అత్యధిక ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. అందులో దీర్ఘకాలపు ధోరణి తేలిన 338 జాతుల్లో 60 శాతం తగ్గుముఖంలో ఉన్నాయి. పక్షిప్రియులు రోజూ నమోదు చేసిన పరిశీలనలే దానికి ముడిసరుకు. చెట్లకు అటువంటిది మనకు లేకపోవడం నాకు మాత్రం పెద్ద లోటు.

రెండోది, అంచనాల వయసు. పదేళ్లు దాటిన వాటి మీద ‘నవీకరించాలి’ అన్న ముద్ర వేస్తారు. నిజాయితీగా వేస్తారు, కాదనను. కానీ ఆ ముద్ర ఉన్న పేజీని నమ్ముకుని ప్రాజెక్టు రాసిన విద్యార్థికి నేను మార్కులు తగ్గించేవాణ్ని. ‘సమాచారం చాలదు’ అనే డీడీ గుర్తును కూడా చాలామంది ‘ముప్పు లేదు’ అని చదువుకుంటారు. నిజానికి అది తెలియదని ఒప్పుకోవడం మాత్రమే. చివరి జీవి చనిపోయిందన్న విషయంలో సహేతుకమైన సందేహం ఏమాత్రమూ మిగలకుండా ఏ జాతినీ అంతరించినదిగా ప్రకటించరు. ఆ జాగ్రత్త ఎందుకో తెలియాలంటే మన కలివికోడిని తలచుకుంటే చాలు. 1900 తర్వాత ఎవరికీ కనిపించని ఆ పక్షి 1986లో కడప జిల్లా పొదల్లో మళ్లీ దొరికింది. ఇప్పుడు అది సీఆర్.

మూడోది, భాష. సైటు ఇంగ్లీషు, ఫ్రెంచి, స్పానిష్ భాషలకే పరిమితం. 2024 అక్టోబరు నాటికి 1,66,061 జాతులను అంచనా వేసిన ఇంత పెద్ద చిట్టాను తెలుగులోకి తెమ్మని అడగడం అత్యాశే. అయినా మన రెండు రాష్ట్రాల్లో మాత్రమే పెరిగే కొన్ని పదుల జాతుల సారాంశమైనా తెలుగులో ఉంటే అటవీ బీటు అధికారికీ, గొర్రెల కాపరికీ, బడి పంతులుకూ అక్కరకొస్తుంది. ఆ పని జెనీవా దగ్గరి ఐయూసీఎన్ ఆఫీసు చేయాలని నేననను. మన విశ్వవిద్యాలయాల్లో వృక్షశాస్త్ర, జంతుశాస్త్ర శాఖలున్నాయి, ఏటా ఎంఎస్సీ ప్రాజెక్టుల కోసం అంశాలు వెతుక్కునే పిల్లలూ ఉన్నారు.

వాడదలచినవారికి రెండు మాటలు. చదవడానికి ఖాతా అక్కరలేదు. వెతికిన ఫలితాలనూ పటాల దత్తాంశాన్నీ దింపుకోవడానికి ఉచిత ఖాతా తెరవాలి. వ్యాపార సంస్థల వాడకానికి నిబంధనలు వేరు. ముందుగా గుర్తును చూసి, దాని పక్కనున్న తేదీ చూసి, తర్వాత ముప్పుల భాగం, చివరగా తగ్గుదలకు ఆధారం చెప్పిన భాగం చదవండి. ఏటా జనవరిలో ఆసియా అంతటా జరిగే నీటిపక్షుల లెక్కింపు 1987 నుంచి ఉంది. మన పులికాట్ ఒడ్డున రాసుకున్న అంకెలూ చివరకు ఇటువంటి అంచనాల్లోకే చేరతాయి.

ఆ లెక్కింపుకు వెళ్లేటప్పుడు నేను కర్లూ శాండ్‌పైపర్ పేజీని, గ్రే ప్లోవర్ పేజీని ముద్రించుకుని వెంట తీసుకువెళ్తాను. మాతో పడవలో వచ్చే మత్స్యకారుల పిల్లల కోసం ఆ కాగితాల అంచుల్లో తెలుగు మాటలు పెన్సిల్‌తో రాసి ఉంచుతాను. మూడేళ్లుగా అవే కాగితాలు. ఉప్పుగాలికి ఇంగ్లీషు అక్షరాలు వెలిసిపోయాయి గాని పెన్సిల్ రాత ఇంకా చదవడానికి వస్తోంది.